నేల కడిగి వెళ్ళే మామ్మ

ఆవిడ నా ఆటో ఎక్కిన మొదటి రోజే నేను ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆవిడకి ఏ జబ్బూ లేదు.

తప్పు నాది కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీ బయట ఎక్కింది. తెల్లటి మనిషి, తెల్లటి జుట్టు, చెప్పుల్లో మేజోళ్ళు. "లాడ్జికేనా మేడమ్?" అన్నాను. గబుక్కున ఊపిరి లోపలికి పీల్చింది. నీళ్ళలో మునగబోయే మనిషి ఆఖరిసారి పీల్చినట్టు. ఆ పీల్పులోనే "యో" అని ఒక చిన్న మూలుగు. "మెట్ట మీది లాడ్జా?" మళ్ళీ అదే పీల్పు. "ఒంట్లో బాగుందా?" అన్నాను భయపడి. ఇంకా గట్టిగా పీల్చింది. ఇంకేముంది, ఆయాసం ముదిరిందనుకుని హారన్ మీద చెయ్యి తీయకుండా తిన్నగా ఆసుపత్రి గేటులోకి పోనిచ్చాను. డాక్టరు ఆవిడ గుండె విని, ఊపిరి విని, నావైపు తిరిగి, "భయ్యా, మేడమ్ బిల్కుల్ ఠీక్ హై. నువ్వు కూర్చో, నీ బీపీ చూస్తాను" అన్నాడు.

వాళ్ళ దేశంలో, అందులోనూ ఆడవాళ్ళు, 'అవును' అన్న మాటని ఊపిరి లోపలికి పీలుస్తూ అంటారట. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆవిడే చెప్పింది. అంటే నేను మూడు ప్రశ్నలు అడిగాను, ఆవిడ మూడుసార్లు అవునంది. అంతే జరిగింది.

ఆ దేశం ఫిన్లాండ్. ఆవిడ మొన్న మంగళవారం పోయింది.

ఆవిడ అన్న కూతురు ఫోన్‌కి కబురు పంపింది. నిద్రలోనే పోయిందట. 'కబురు చెప్పవలసిన వాళ్ళ పేర్లు అత్త ఒక కాగితం మీద రాసి ఉంచింది. మీది పైనుంచి రెండోది' అని రాసింది. మొదటిది ఎవరిదో నేను అడగలేదు. చర్చి ఫాదరుది అయి ఉంటుంది. పోటీకి వెళ్ళడం మర్యాద కాదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాయలేను కూడా. ఒక్కో అక్షరాన్ని రెండేసిసార్లు రాసి, రెండేసిసార్లు పలుకుతారు. ఏడో తరగతి మధ్యలో ఆపేసిన నా నోటికి అంత చదువు లేదు. నేను మామ్మ అన్నాను, మా అమ్మ దొరసాని అంది. రెండు పిలుపులకీ పలికేది.

ప్రతి ఏడూ నవంబరులో వచ్చేది, ఫిబ్రవరిలో వెళ్ళేది. మధ్యలో కరోనా వచ్చి రెండు మూడేళ్ళు రాలేదు. ఓడ టికెట్ల క్యూలో ఆవిణ్ణి చూసి తీరాలి. ముందున్న మనిషికీ తనకీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా వదిలి నిలబడేది. మన జనం ఆ జాగా చూసి ఊరుకుంటారా? క్యూ ఇక్కడితో అయిపోయిందనుకుని ఒక్కొక్కరే వచ్చి ఆ మంచం మీద కూర్చునేవారు. గంట అయ్యేసరికి ముందు ఉన్నదల్లా వెనక్కి పోయేది. ఒక్క మాట అనేది కాదు. చివరికి నేనే వెళ్ళి, "అరే భాయ్, ఆవిడ స్తంభం కాదు, పాసెంజర్!" అని అరవాల్సి వచ్చేది.

"మీరే చెప్పొచ్చు కదా మామ్మా?"

"వాళ్ళకి తెలుసు."

"తెలిసే దూరుతున్నారు."

"తెలిశాక నేను చెప్పడం ఎందుకు?"

ఇదీ వరస. రోజుకి పది పదిహేను మాటలు. నేనేమో అద్దంలో చూసుకుని నాతో నేనే మాట్లాడుకునే రకం. ఒకసారి ఉండబట్టలేక, "మీ దేశంలో అందరూ ఇంతేనా?" అన్నాను. ఆవిడ నొచ్చుకుంది. తను వాగుడుకాయల జాతి మనిషట. ఫిన్లాండ్‌లో ఒక్కో ప్రాంతానిదీ ఒక్కో తీరు. కరేలియా వాళ్ళు గలగలా మాట్లాడతారు, నవ్వుతారు, ఏడుస్తారు. సావో వాళ్ళని దారి అడిగితే, ఇటు కావచ్చు, కాకపోవచ్చు కూడా అని చెప్పి, తప్పిపోతే ఆ తప్పు అడిగినవాడిదే చేస్తారు. హామె వాళ్ళు అసలు మాట్లాడరు. ఆవిడ మొగుడు హామె మనిషి. పడవకి ఏం రంగు వేద్దామని ఎండాకాలం మొదట్లో అడిగితే, మంచు పడ్డాక ఒక రోజు భోజనం దగ్గర తలెత్తి, "ఆకుపచ్చ" అన్నాడట.

"మరి మీది కరేలియానా?"

ఊపిరి పీల్చింది. అవును.

"ఎలా ఉంటుంది ఆ ఊరు?"

"ఊరు ఉంది. మేమే లేము."

ఆ రోజు నా ఆటో అద్దం మీద దుమ్ము ఉంది. ఎప్పుడు లేదు గనక. ఆవిడ వేలితో ఆ దుమ్ములో ఒక బొమ్మ గీసింది. చేతులు పైకెత్తి నిలబడ్డ ఆడమనిషి, కింద పావడా. వాళ్ళ దేశం పటం అలాగే ఉంటుందట. వాళ్ళు దేశాన్ని ఆడపిల్ల అనే అంటారట.

"చేతులెత్తి నిలబడిందంటే పోలీసులు పట్టుకున్నారా?" అన్నాను.

నవ్వలేదు. బొమ్మలో ఒక చేతిని బొటనవేలితో తుడిచేసింది. "రష్యాతో యుద్ధంలో ఈ చెయ్యి పోయింది" అంది. తర్వాత పావడా అంచులో ఒక ముక్క తుడిచింది. "ఇదీ పోయింది. మా ఇల్లు ఇందులో ఉండేది."

తను పుట్టిన మరుసటేడు యుద్ధం వచ్చి, అది ముగిశాక సరిహద్దు జరిగిందట. ఆ ముక్కలో ఉన్న జనమంతా బండ్ల మీద, రైళ్ళలో, ఆవుల్ని తోలుకుంటూ ఇవతలికి వచ్చేశారు. కొన్నాళ్ళకి మళ్ళీ వెనక్కి వెళ్ళి చేలు దున్నుకున్నారు. మళ్ళీ యుద్ధం. మళ్ళీ రావడం. రెండోసారి వచ్చేనాటికి ఆవిడకి ఆరేళ్ళు. వాళ్ళని దేశం నలుమూలలా సర్దారు. వేరే రైతుల పొలాల్లోంచి ముక్కలు కోసి ఇచ్చారు. తమ దేశంలోనే ఉండి, ఎక్కడివాళ్ళు మీరు అని జన్మంతా అడిగించుకున్నారు.

ఎవరికీ పట్టని మా దీవులకి ప్రతి ఏడూ ఎందుకొచ్చేదో నాకు అప్పుడు తెలిసింది. ఇక్కడ ఎవరిని ఊరు అడిగినా ఇంకో ఊరు చెబుతారు. రాంచీ అంటాడు ఒకడు, మద్రాసు అంటాడు ఒకడు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చి పడ్డవాళ్ళు ఇప్పుడు పటంలో లేని ఊళ్ళ పేర్లు చెబుతారు. నేను పుట్టింది ఇక్కడే, జంగ్లీఘాట్‌లో. అడిగితే శ్రీకాకుళం అంటాను. శ్రీకాకుళం చూసింది రెండుసార్లు, రెండుసార్లూ పెళ్ళి భోజనానికే. ఇప్పుడు మా పోర్ట్‌బ్లెయిర్‌కే కాగితాల మీద పేరు మారింది గానీ, నా ఆటో ఎక్కినవాడు ఎవడూ ఆ పేరు చెప్పడు. "ఇక్కడ నేను వింతగా కనపడను" అనేది మామ్మ. మేజోళ్ళు తీసేస్తే అసలే కనపడరు మామ్మా అనేవాణ్ణి.

డిసెంబరు ఆరు వాళ్ళ స్వాతంత్ర్య దినం. మన దగ్గరైతే జెండాలు, మైకులు, లడ్డూలు. ఆవిడ సాయంత్రం ఆరింటికి లాడ్జి కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించి, లైటు ఆర్పి, ఎనిమిది వరకూ కుర్చీలో కూర్చునేది. అదే పండగ. మొదటి ఏడు లాడ్జి మేనేజరు కింది నుంచి ఆ వెలుగు చూసి, కరెంటు పోయిందనుకుని జనరేటర్ వేయించాడు. ఆవిడ కిందికి దిగి వచ్చి, "మా ఇంట్లో చోటుంది, తలదాచుకోవడానికి రావచ్చు అని దారిన పోయేవాడికి చెప్పడం ఇది, అని మా వాళ్ళు కొందరంటారు" అని చెప్పింది. మేనేజరు కంగారుపడ్డాడు. "మేడమ్, ఒక రూముకి ఇద్దరే అలౌడ్."

ఆ మేనేజరుకీ ఆవిడకీ అసలు తగువు వేరే ఉంది. ఫిబ్రవరిలో రూము ఖాళీ చేసే రోజు పెట్టె సర్దుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, బకెట్టూ గుడ్డా పెట్టుకుని నేలంతా తనే కడిగేది. కిటికీ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా. ఎనభై దాటిన మనిషి. మేనేజరు తల పట్టుకునేవాడు. "మా లాడ్జి గలీజుగా ఉందని రాస్తుంది ఈవిడ, చూడు భయ్యా. నా నౌకరీ పోతుంది." ఆవిడ అలాంటిదేమీ రాయలేదు. ఎందుకు కడుగుతారని నేను ఎన్నిసార్లు అడిగినా, "వెళుతున్నాను కదా" అనేది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న తెల్లారకముందే డోంగీ పడవ వేసుకుని చేపలకి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం గాలి లేచింది. డోంగీ రాలేదు. చెక్క ముక్క రాలేదు, మనిషీ రాలేదు. అమ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. కర్మకాండ మాట ఎత్తిన మా పెదనాన్నని ఆ గుమ్మం మళ్ళీ ఎక్కనివ్వలేదు. పాతికేళ్ళు దాటిపోయింది. జంగ్లీఘాట్‌లో ఆ రెండు గదుల అద్దె ఇల్లు వదల్లేదు. వానాకాలంలో ఇంట్లోనే చేపలు పట్టుకోవచ్చు, అంత కురిసేది. అయినా వదల్లేదు. "మీ నాన్నకి తెలిసింది ఈ కొంపొకటే కదరా" అనేది. అంతకు మించి ఆ సంగతి మాట్లాడేది కాదు.

మామ్మ ఆఖరిసారి వచ్చిన ఏడాది ఇంటివాడు పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కడతానన్నాడు. పక్క వాటాల వాళ్ళంతా వెళ్ళిపోయారు. నేను ఆస్టినాబాద్‌లో ఇల్లు చూశాను, అడ్వాన్సు ఇచ్చాను. అమ్మ కదల్లేదు. నేను బతిమాలాను, నా భార్య బతిమాలింది, ఇంటివాడు బతిమాలాడు. ఆయన మనవరాలిని ఎత్తుకొచ్చి మరీ బతిమాలాడు. "గోడలు పడగొట్టుకోండి. నాను లోపలే ఉంతాను" అంది అమ్మ. నెలాఖరుకి గడువు. ఆ నెలంతా నాకు జోకులు రాలేదంటే అర్థం చేసుకోండి.

ఆ ఫిబ్రవరిలో, మామ్మ వెళ్ళే రోజు, అమ్మ నాతో లాడ్జికి వచ్చింది. దారిలో తినడానికి రాగిపిండితో చోడిరొట్టెలు చేసి కట్టింది. మామ్మకి మా చోడిరొట్టె ప్రాణం. వాళ్ళ ఊరి రొట్టె కూడా ఆ రంగులోనే ఉంటుందట. తలుపు తీసి ఉంది. మామ్మ మోకాళ్ళ మీద ఉంది, సగం నేల తడిగా ఉంది.

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటిది? పయనం ఎట్టుకొని నేల కడుగుతందేటి! సెవం లేసిన ఇల్లా ఇది? వొద్దను, ఒరే, వొద్దని సెప్పు!"

ఇంట్లోంచి ఒకరు బయల్దేరితే, వాళ్ళు చేరవలసిన చోటికి చేరారని తెలిసేదాకా మా ఇంట్లో చీపురు ముట్టరు. చాలా ఇళ్ళల్లో ఆ పట్టింపు ఉంది. మా ఇంట్లో మరీ. నేను కూరల బజారుకి వెళ్ళినా అమ్మ నేల ఊడవదు, ఎవర్నీ ఊడవనివ్వదు. ఇదంతా మామ్మకి నా ఆటో ఇంగ్లీషులో చెప్పాను.

మామ్మ గుడ్డ పిండి పక్కన పెట్టింది. కిందే కూర్చుని చెప్పింది. నేను ఒక్కో ముక్కా అమ్మకి తెలుగులో చెప్పాను.

"రెండోసారి ఇల్లు వదిలిన రోజు బండి వాకిట్లో నిలబడి ఉంది. మా అమ్మ అందర్నీ బండెక్కించి, లోపలికి వెళ్ళి నేల కడిగింది. మేము అరుస్తున్నాం, త్వరగా రమ్మని. రాలేదు. పూర్తిగా కడిగాకే వచ్చింది. శత్రువుల కోసం కడుగుతావా అని మా తాత తిట్టాడు. ఎవరొచ్చినా సరే, ఇక్కడ మనుషులు బతికారని తెలియాలి అంది మా అమ్మ."

అమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "మళ్ళీ ఎల్లారా ఆ ఇంటికి? అడుగు."

"మా అమ్మ వెళ్ళలేదు. చూడకుండానే పోయింది. సరిహద్దు తెరిచాక నేను వెళ్ళాను. అప్పటికి నాకు యాభై దాటాయి. ఇల్లు ఉంది. ఒక రష్యా ఆవిడ ఉంది అందులో. వాళ్ళనీ ఎక్కణ్ణుంచో తెచ్చి అక్కడ పడేశారు. మేము వచ్చేసరికి నేల ఎంత శుభ్రంగా ఉందో, అంది ఆవిడ. ఆవిడ తల్లి కాలు పెట్టడానికి భయపడిందట, ఇంటివాళ్ళు సాయంత్రానికి తిరిగొస్తారేమో అని. చాలా ఏళ్ళు ఆ భయంతోనే బతికాం అంది."

అమ్మ తడి లేని చోట చూసుకుని మామ్మకి ఎదురుగా చతికిలబడింది.

"సెప్పు," అంది నాతో, నన్ను చూడకుండా. "ఆ రోజు మా ఆయన గుమ్మం దాటీడో లేదో నాను సీపురు తీసీసినాను అని సెప్పు."

నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆవిడ చేతి అన్నం తిన్నాను, నాకు తెలియదు. బజారుకి వెళ్ళినప్పుడల్లా చీపురు మీద జోకులు వేశాను.

"సెప్పవేటిరా?"

చెప్పాను. ఏదో ఒక ముక్క కలపకుండా నేను జన్మలో ఏ మాటా చెప్పలేదు, ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న వెళ్ళాడు. అమ్మ వెంటనే ఊడ్చింది. నాన్న రాలేదు.

మామ్మ వింటూనే ఉంది. ఇంకా ఏదో ఉందని ఎదురుచూస్తోంది. "ఊడ్చింది. సరే. తర్వాత?" అంది.

"అంతే మామ్మా. అదే తప్పు."

ఆవిడకి ఎక్కలేదు. నా మొహం, అమ్మ మొహం మార్చి మార్చి చూసింది. ఇల్లు ఊడవడంలో తప్పు ఎక్కడుందో నిజంగానే వెతుకుతోంది. చివరికి, "ఎందుకు ఊడ్చింది, అడుగు" అంది.

అడిగాను.

"ఎందుకేటి? సేప పొలుసులు, తెగిన వల ముక్కలు గుమ్మం నిండా. మాపటికి ఆయన వొచ్చీసరికి ఇల్లు..." అమ్మ అక్కడ ఆగింది.

నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టేలోపే మామ్మ ఊపిరి లోపలికి పీల్చింది. అవును.

ఇంకేమీ అనలేదు. నీ తప్పు లేదు అనలేదు, భుజం మీద చెయ్యి వేయలేదు. వాళ్ళలో వాగుడుకాయల జాతి మరి. గుడ్డ తడిపి మిగతా సగం కడగడం మొదలుపెట్టింది. అమ్మ కాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, "ఆ మంచం కింద ఒగ్గీసింది. ఇటివ్వమను" అని ఆవిడ చేతిలోంచి గుడ్డ లాక్కుంది. ఇద్దరూ కలిసి గుమ్మం దాకా వచ్చారు. మేనేజరు కారిడార్‌లో నిలబడి, "అబ్ దో దో హో గయీ" అని, ఒకరు చాలక ఇద్దరయ్యారని తల కొట్టుకున్నాడు.

నెలాఖరుకి ముందే మేము ఆస్టినాబాద్ మారాం. సామాను ఎక్కించాక అమ్మ నన్ను బయటికి పంపి తలుపు వేసుకుంది. ఏం చేసిందో నేను చూడలేదు. లోపల నీళ్ళ చప్పుడైతే అయింది.

అయితే అయిపోయిందనుకోకండి. కొత్త ఇంటికి వెళ్ళిన వారంలోనే అమ్మ మళ్ళీ జంగ్లీఘాట్ వెళ్ళి, టీకొట్టువాడికీ, కిరాణా దీదీకీ, చేపల రేవులో డోంగీలు లాగేవాళ్ళకీ మా కొత్త అడ్రసు చెప్పి వచ్చింది. "ఎవరైనా అడిగితే" అని. ఎవరు అడుగుతారమ్మా అని నేను అనలేదు. అప్పటికి కొంచెం బుద్ధి వచ్చింది. నెలకోసారి వెళ్ళి, చెప్పింది గుర్తుందా అని వాళ్ళని పరీక్ష పెట్టేది. టీకొట్టువాడు నన్ను చూస్తే చాలు అప్పగించేవాడు, పాఠంలా.

మామ్మ అన్న కూతురు పంపిన కబురులో ఇంకో సంగతి ఉంది. వాళ్ళ దేశంలో సమాధి చేసే రోజు, రాలేని వాళ్ళు పంపిన మాటల్ని అందరి ముందూ పైకి చదువుతారట. 'మీరూ, మీ అమ్మగారూ ఏమైనా రాస్తారా? అత్తతోనే చెబుతున్నట్టు రాయండి' అని అడిగింది ఆ అమ్మాయి.

నేను ఫోన్లో వెతికి మంచి ఇంగ్లీషు ఒకటి పట్టుకొచ్చాను. తీరని లోటు, ఆత్మకు శాంతి, ఆ సరుకు. అమ్మకి తెలుగులో వినిపించాను.

"ఎవలికిరా ఇది? కలెక్టరు పోయాడా?"

"మరి నువ్వు చెప్పు, రాస్తాను."

అమ్మ చేతిలో ఉన్న చేట కింద పెట్టింది.

"దొరసానమ్మా," అంది. అది కూడా రాశాను. "నువ్వు ఎల్లిన కాడ మా ఆయన కనపడితే, మేం జంగ్లీఘాట్‌లో లేమని సెప్పు. ఆస్టినాబాద్ వొచ్చీసినాం. రోడ్డు దిగీసరికి నీలం గేటు. కింది వాటా."

నేను తల ఎత్తలేదు. అమ్మ మళ్ళీ చేట తీసుకుని బియ్యం చెరుగుతోంది.

"రాసావా?"

"రాశాను."

పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఆ అమ్మాయి, పాపం, అన్నిటికీ ధన్యవాదాలు చెప్పి ఒకటే అడిగింది. 'చదవాల్సింది నేనే. ఆ చోటి పేరు తప్పు పలికితే బాగుండదు. ఎలా పలకాలో దయచేసి ఒకసారి చెప్పి పంపగలరా?'

ఫోను అమ్మ నోటి దగ్గర పట్టాను. అమ్మ గొంతు సవరించుకుంది. రేవులో వాళ్ళకి చెప్పినట్టు కాదు, చెవులు సరిగా వినపడని మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"ఆస్టినాబాద్." కొంచెం ఆగి మళ్ళీ, "ఆస్... టి... నా... బాద్. నీలం గేటు."

బటన్ మీంచి వేలు తీశాను. అది వెళ్ళిపోయింది. అమ్మ లేచి వాకిట్లోకి వెళ్ళి గేటు గడియ ఒకసారి తీసి, మళ్ళీ వేసి చూసింది.

"ఒరే," అంది అక్కణ్ణుంచే, "ఈ గేటుకి ఇంక రంగు మార్సకు."